రెండింటికి రాయమన్న మందు

రెండింటికి రాయమంది. రెండుంబావయింది, నేనింకా సీసా మూత తీయలేదు. ఫ్రిజ్ మీద నిలబడి నన్నే చూస్తోంది ఆ తెల్లసీసా. నీలం అక్షరాలు, వాటి కింద నవ్వుతున్న తల్లీ బిడ్డా బొమ్మ. ఏం చూసి నవ్వుతున్నారో వాళ్ళు. మోనికా నా మోకాళ్ళ మధ్య చిన్నపీట మీద కూర్చుని అప్పుడే మూడుసార్లు అయిపోయిందా డాడీ అని అడిగింది, మూడుసార్లూ అయిపోవచ్చిందమ్మా అన్నాను, మూడుసార్లూ అబద్ధమే, ఎడమ చెవి వెనకనుంచి నేను జానెడు కూడా కదల్లేదు. ఏడేళ్ళ పిల్లకి నడుం దాకా జుట్టు. ముచ్చట వాళ్ళమ్మది, చిక్కులు నావి. ఈవేళ శుక్రవారం, దోహా అంతటికీ సెలవు, ఎవాంజెలిన్‌కి తప్ప. ఆసుపత్రికి శుక్రవారం లేదు, రోగాలకి లేదు, పేలకి అసలే లేదు. మూడింటికి నర్సుల బస్సు తనని మా సందు మొదట్లో దింపుతుంది. రెండంతస్తులెక్కి తలుపు తీసి మొదటి మాట ఏమంటుందో నాకు తెలుసు, రాశారా అంటుంది. పొద్దున ఐదున్నరకి యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ పాఠం చెప్పినట్టు చెప్పింది. తల పొడిగా ఉండాలి, చుక్క నూనె ఉండకూడదు, పది నిమిషాలు ఉంచి కడిగెయ్యండి. అన్నీ విని తలూపాను. తలూపి, తను వెళ్ళాక అరగ్లాసు కొబ్బరినూనె తీసి పిల్ల తలనిండా పోశాను. కాబట్టి నేనేం చెయ్యదలుచుకున్నానో నా చేతులకి ముందే తెలుసు. ఆవిడకి ఏం చెప్పాలో నోటికే ఇంకా తెలియలేదు.

రేపు శనివారం, బడి తెరుస్తారు. తలలో ఒక్క ఈపి కనబడినా వెనక్కి పంపిస్తామని టీచరు ఎర్రసిరాతో రాసిన చీటీ ఫ్రిజ్ తలుపుకి అతికించి ఉంది, సీసా పైన, చీటీ కింద, మధ్యలో నేను. మంగళవారం పంపించేశారు కూడా. ఎవాంజెలిన్ వార్డులో ఉంది, ఫోనుకి దొరకలేదు, నాకు కబురొచ్చింది. ఉన్నపళంగా వెళ్ళాలంటే కంపెనీ పికప్ తప్ప ఏముంది. వెనక మందు ట్యాంకు, రబ్బరు గొట్టాలు, తలుపు మీద కాళ్ళు పైకెత్తి చచ్చిపడి ఉన్న బొద్దింక బొమ్మ. ఆ బండి వేసుకుని బడి గేటు దగ్గర ఆగాను, పేలున్న పిల్లని తీసుకెళ్ళడానికి పురుగుల మందు బండి వచ్చిందన్నమాట. కిటికీల నిండా తలకాయలు. మోనికా బండెక్కి కాళ్ళ దగ్గరికి జారి కూర్చుంది, రౌండబౌట్ దాటేదాకా సీటు మీదికి రాలేదు. మీ డాడీ నీ తలకి స్ప్రే కొడతాడా అని అడిగారట. లేదని చెప్పావా అన్నాను. అవునో కాదో నాకు తెలీదుగా డాడీ, అంది. దేవుడా. మే నెల ఎండలో ఏసీ లేని బండిలో ఆ మాట విని నేను చెమటలు తుడుచుకున్నాను. దానికి తెలీదట. నాకు మాత్రం తెలుసా ఏమిటి అప్పటికి.

తెలిసింది నిన్న సాయంత్రం, ఆ సీసా ఇంటికొచ్చాక. నేను ఇంటర్ తప్పినవాణ్ణి, ఇంగ్లీషు పేపరు చదవమంటే దిక్కులు చూస్తాను, కానీ డ్రమ్ముల మీది పేర్లు మాత్రం నిద్రలో లేపినా చదువుతాను, మా చదువంతా అక్కడే. మా కంపెనీ స్టోరులో ఐదు రకాల డ్రమ్ములున్నాయి. ఎడమ మూల తుప్పు పట్టిన డ్రమ్ము మీద పుర్రె బొమ్మ, దాని కింద జానెడు పొడుగు పేరు. ఆ పొడుగు పేరే ఈ సీసా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మొదట నా కళ్ళని నేనే నమ్మలేదు, ఈ మధ్య నా కళ్ళు కూడా అంత నమ్మదగ్గవి కావు. అట్టపెట్టె చింపి జేబులో పెట్టుకుని ముజఫ్ఫర్ అలీ గదికి పోయి చూపించాను. ఆయన మా సూపర్‌వైజరు, పాతికేళ్ళుగా ఇదే పని. వెలుతురుకి పెట్టి చూసి పకపకా నవ్వాడు. "అరే జడ్సన్, మాల్ ఒక్కటే. దీంట్లో పానీ ఎక్కువ, ఖుష్బూ ఎక్కువ, బస్," అన్నాడు. ఆ మాట నేను ఇంటికొచ్చి చెబితే ఎవాంజెలిన్ పప్పు తిరగమోత పెడుతూ వెనక్కి కూడా తిరగలేదు. డ్రమ్ములోది వేరండీ, ఇది నూటికి ఒక వంతే, పిల్లల డాక్టరుగారే రాసిచ్చారు, ఆయనకన్నా మీ ముజఫ్ఫర్ అలీకి ఎక్కువ తెలుసా. మీకు ఎక్కువ తెలుసా అనలేదు. అనదు. మంచిది. కానీ ఆ ఆవాల చిటపటలో నాకు అలాగే వినబడింది.

నూటికి ఒక వంతు. ఆ ఒక వంతు దగ్గరే కొట్టుకుంటున్నాను నిన్నటినుంచి. ఒక వంతు ఎవరి తలకి, ఏ తలకి. ఈ తలకా. మోనికాకి రెండేళ్ళప్పుడు ఎవాంజెలిన్ ఇక్కడ దోహాలో ఉంది, ఉద్యోగం ముందు తనకే వచ్చింది, నేనూ పిల్లా రాజోలు దగ్గర మా ఇంట్లో ఉన్నాం. మధ్యాహ్నం ఒళ్ళు వెచ్చబడింది, సాయంత్రానికి కళ్ళు తేలేసింది, పళ్ళు బిగిశాయి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలుపెట్టాయి నా ఒళ్ళోనే. మా అమ్మ కరుణమ్మ ప్రార్థన చేస్తోంది గట్టిగా, అదొక గోల. ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం, ఆ కొట్టుకోవడం ఎంతసేపో నాకు తెలీదు, అడిగితే ఇప్పటికీ ఒక రాత్రంతా అంటాను, కాదని డాక్టరు కాగితంలో ఉంది, ఏడు నిమిషాలట. ఎవాంజెలిన్ చూసింది ఆ కాగితం. అందులో ఏడు నిమిషాలని, జ్వరం ఫిట్స్ అని, భయం లేదని ఉంటుంది. బిగుసుకున్న ఆ చిన్న వేళ్ళు నా బొటనవేలిని పట్టుకుని వదలకపోవడం కాగితంలో ఉండదు. జ్వరంతో వచ్చినవి వేరు, అవి పెద్దయ్యాక రావు, అంటుంది తను. తను చదువుకుంది. నేను పట్టుకున్నాను. ఈ సీసా కాగితం మడతల్లో ఎక్కడో ఫిట్స్ అన్న మాట కూడా ఉంది, నేను వేలు పెట్టి చూపించాను. అది అందరికీ రాస్తారండీ జాగ్రత్త కోసం, అంది. జాగ్రత్త కోసం రాస్తే మరి జాగ్రత్త పడొద్దా.

"డాడీ, లాగుతున్నావు."

లాగడం లేదమ్మా, చిక్కు. దువ్వెన పళ్ళు మరీ దగ్గర, అలాంటిదే కావాలి, కానీ ఈ జుట్టు చూస్తే వలలా ఉంది. పాయ తీసి, కుదురు దగ్గర ఆనించి, చివరిదాకా ఒక్క లాగు, తెల్లగుడ్డకి తుడవడం, చూడడం. నాలుగు వచ్చాయి. మళ్ళీ అదే పాయ. రెండు. మళ్ళీ. ఒకటి, పిల్లపేను, గసగసంత. నూనెలో కాళ్ళాడక బద్ధకంగా కదులుతున్నాయి దొంగముండలు. గిన్నెలో సబ్బునీళ్ళలో పడేస్తున్నాను. మొన్నటిదాకా నేను పురుగుని ఇలా ఒక్కొక్కదాన్ని మొహం చూసి చంపలేదు. తలుపు మూసి, గొట్టం లోపలికి పెట్టి, మీట నొక్కి, బయటికొచ్చి సిగరెట్ కాల్చుకునేవాళ్ళం, లోపల ఎన్ని చచ్చాయో అవే లెక్క చూసుకునేవి. ఇక్కడ పది గదులకి పట్టే టైము ఒక చెవికి పట్టింది. రోషం ముంచుకొస్తోంది, ఎవరి మీదో చెప్పలేను. బడి మీద, సీసా మీద బొమ్మలోని ఆ తల్లి మీద, సలహాలిచ్చిన ప్రతివాళ్ళ మీద. ఈ ఊళ్ళో మనవాళ్ళు ఒకరి కష్టంలో ఒకరు ఏమిచ్చినా ఇవ్వకపోయినా సలహా మాత్రం కడుపునిండా పెడతారు. పోయిన శుక్రవారంనుంచి విన్నవన్నీ కలిపి పిల్ల తలకి పూస్తే తలే మిగలదు. మా కంపెనీవాళ్ళుండే క్యాంపులో దస్తగిరి కిరసనాయిలు అన్నాడు, వాళ్ళ గదిలో అందరూ అదే రాసుకుని స్టవ్ ముందు కూర్చుని రొట్టెలు కాల్చుకుంటారట, ఇంకా కాలిపోలేదంటే అది దస్తగిరి గొప్ప కాదు, దేవుడి గొప్ప. ప్రార్థన కూడికలో ఒక పెద్దావిడ, గుండు చేయించెయ్ బాబూ, పీడా పోతుంది అంది. పక్కనున్న ఇంకొకావిడ వెంటనే బుగ్గ నొక్కుకుని, అమ్మో, ఆడపిల్లకి గుండేమిటి, ఏ కొండకో మొక్కుకుని వచ్చారని చెప్పుకోరూ అంది. మొక్కు కాదు పేలు అని మెళ్ళో బోర్డు కట్టాలి కాబోలు మోనికాకి. ఎవాంజెలిన్ ఆ రాత్రి పిల్ల జడ పట్టుకుని కూర్చుంది.

ఇక మా అమ్మ. పోయిన శుక్రవారం ఫోను కార్డులో నిమిషాలు అయిపోతుంటే కూడా సీతాఫలం గింజల పొడి చేసే విధానం అంతా చెప్పింది. "గింజలు ఎండబెట్టి నూరి రాయరా నానా, ఆకూ అలమూ మందుకి దోషం ఉండదు, ఆయ్." మా వీధిలో ఒకమ్మాయికి ఆ పొడి నీళ్ళతో కలిసి కంట్లోకి కారి రెండు నెలలు చీకటిగదిలో కూర్చోబెట్టారు కదమ్మా అన్నాను. "అది కళ్ళు మూసుకోలేదు గనక," అంది. చెట్టుకి కాసిందల్లా మేలు చేస్తుందని ఎవరు చెప్పారో వీళ్ళకి, గన్నేరు కూడా చెట్టుకే కాస్తుంది. "పోనీ నీ చిన్నప్పుడు గమాక్సిన్ చల్లి గుడ్డ కట్టేదాన్ని, తెల్లారేసరికి తల శుభ్రం, అప్పుడు మీరు బతకలేదా?" అంది. బతికాం. బతకనివాళ్ళు ఫోను చేసి చెప్పరు కదా. ఆ తెల్లపొడి నాకింకా గుర్తే, వరి చేలో చల్లగా మిగిలింది ఇంటికి తెచ్చేవారు, అక్కకీ నాకూ తలలకి పట్టించి పాతచీర ముక్కలు బిగించి కట్టేది. పడుకుంటే కప్పు తిరిగేది. పొద్దున అక్క రెండుసార్లు వాంతి చేసుకుంది, పేలు పోతున్నాయి కదా ఆ మాత్రం ఉంటుంది అంది అమ్మ. ఎంతో ప్రేమగా, తన ఒళ్ళోనే తలలు పెట్టుకుని చేసింది ఆ పని. ప్రేమగా కాకుండా ఎవరైనా పిల్లల తలకి విషం రాస్తారా. అదే నా భయం. మరి ఆ తెల్లపొడి పొడుగు పేరేమిటో నాకు కంపెనీలో చేరాక తెలిసింది. ఎడమ మూల డ్రమ్ము పేరే.

పైవాటాలో ఉండే మాబున్నీసా ఒక్కతే నా మనసుకి నచ్చినమాట చెప్పింది. హైదరాబాదు మనిషి, ముగ్గురు ఆడపిల్లల్ని పెంచింది, ఆమె మాట గట్టిది. మెట్ల మీద ఎదురుపడి మోనికా తల ఇటూ అటూ తిప్పి చూసి, "మందు గిందు ఏం వద్దు భాయ్. తలనిండ నూనె పెట్టు, సన్న దువ్వెనతోని దువ్వు. మూడొద్దులకొకసారి దువ్వు, రెండు వారాలు ఇడువకు. గుడ్లు పొదిగినయి పొదిగినట్టు తీసెయ్యాలె. సబర్ కావాలె, అంతే," అంది. అంతే. సబర్ అంటే ఓపిక. అది ఏ ఫార్మసీలో దొరుకుతుందో చెప్పలేదు. రెండు వారాలు నేను ఓపిక పడతాను, రేపు ఎర్రసిరా టీచరు ఓపిక పడుతుందా, ఈ వారం పరీక్షలున్న పిల్ల పడుతుందా, మూడింటికి బస్సు దిగే మనిషి పడుతుందా. పది నిమిషాల్లో అయిపోయేదానికి పదిహేను రోజులు ఎందుకు అంటుంది. ఎందుకు అని అడుగుతుంది. అక్కడే వస్తుంది చిక్కు.

ఎందుకంటే నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, అది సంవత్సరం నుంచి దాచిపెట్టిన జవాబు. పోయిన ఎండాకాలంలో మొదలైంది. మొదట టీకప్పు సాసర్లో గలగలమంది. తర్వాత సంతకం వంకర పోయింది. సాయంత్రానికి కళ్ళ ముందు మసక, నోటినిండా నీళ్ళు, ఏసీ కింద కూర్చున్నా వీపు తడి. మాస్కులు ఇస్తారు, ఇవ్వరని అబద్ధమెందుకు, కానీ నలభై అయిదు డిగ్రీల్లో ఆ రబ్బరు మూతి పెట్టుకుని పనిచేసినవాణ్ణి ఒక్కణ్ణి చూపించమనండి. మెడలో వేలాడేసుకుంటాం. ఏ డ్రమ్ము చేసిందో నాకు తెలీదు, అయిదూ కలిసి చేశాయేమో, అందులో ఆ పొడుగు పేరుది ఉంది, అది చాలు నాకు. కంపెనీ ఏడాదికోసారి రక్తం తీయిస్తుంది. పోయినసారి ఇద్దరి రిపోర్టులు తేడాగా వచ్చాయి. వారం తిరక్కుండా ఇద్దరి చేతుల్లో ఇంటికి టిక్కెట్లు. మందు మాన్పించడం కంటే మనిషిని మార్చడం వాళ్ళకి సులువు. అందుకని రక్తంలోంచి మందు దిగేదాకా మేమందరం పరీక్ష నెలలో సెలవులు అడుక్కుంటాం, స్టోరు డ్యూటీ అడుక్కుంటాం, ఎలాగోలా ఒళ్ళు కడుక్కుని వెళ్ళి చెయ్యి చాపుతాం. నేనూ అదే చేసి పాసయ్యాను. ఇంట్లో నర్సు ఉంది, రోజంతా వార్డులో నాడి చూసే మనిషి, ఆమె ముందే కుడిచెయ్యి మోకాలి కింద పెట్టుకుని కూర్చుంటాను, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాను, చలి అంటాను, ఖతర్‌లో. బట్టలు మాత్రం విడిగా ఉతుక్కుంటున్నాను. అంతకుముందు రెండేళ్ళు కంపెనీ యూనిఫాం స్నానాల గదిలో ఉన్న ఒకే బకెట్లో నానబెట్టేవాణ్ణి, మోనికా నీళ్ళు పోసుకునే బకెట్లో. తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"నీ చెయ్యి ఎందుకు ఊగుతోంది డాడీ?"

"ఏసీ గాలికమ్మా."

"నా చెయ్యి ఊగట్లేదుగా."

కదలకు అన్నాను, కసురుకున్నాను. మెడ బిగబట్టుకుంది పాపం. రెండూ నలభై. ఎడమవైపు అయింది, నడినెత్తి కొంచెం అయింది, కుడివైపు చెయ్యి పెట్టలేదు. గుడ్డ మీద ఈపులు వరసగా మెరుస్తున్నాయి. కొన్ని దువ్వెనకి రావు, కుదురుకి బంక పెట్టినట్టు అంటుకుని ఉంటాయి, రెండు గోళ్ళ మధ్య పట్టి వెంట్రుక పొడుగునా జార్చాలి. మా అమ్మ చూపు కూడా పెట్టకుండా కబుర్లు చెబుతూ చేసేది. నా గోళ్ళు వెంట్రుకని పట్టుకోలేకపోతున్నాయి. పట్టుకుంటాను, వణుకుతుంది, జారిపోతుంది. మళ్ళీ. ఒక్క ఈపి కోసం అయిదుసార్లు. ఏడుపొచ్చింది, నిజంగానే వచ్చింది, నలభై ఏళ్ళ మగాణ్ణి ఒక ఈపి ఏడిపించింది. సీసా అక్కడే ఉంది. మూత తిప్పితే చాలు. పది నిమిషాలు. తలారా స్నానం, రెండు జడలు, రిబ్బన్లు, రేపు బడి, ఎవాంజెలిన్ మొహంలో హాయి, ఎవరూ ఎందుకని అడగరు, నేను ఏమీ చెప్పక్కర్లేదు, ఏ టిక్కెట్టూ చేతికి రాదు. ఒక్క శాతం. డాక్టరే చెప్పాడు. వేలమంది పిల్లలకి రాసే ఉంటారు, వేలమందీ బాగానే ఉండి ఉంటారు. లేచాను కూడా. ఫ్రిజ్ దాకా వెళ్ళాను. సీసా చేతిలోకి తీసుకుంటే లోపల మందు గలగలా కదిలింది, నేను కదపలేదు. తిరిగి పెట్టేసి వచ్చి పీట వెనక కూర్చున్నాను. పిల్ల తల వెనక్కి వాల్చి నన్ను తలకిందులుగా చూసి, రాయలేదేం అంది. నూనె ఉందిగా అన్నాను.

కింద బస్సు ఆగిన చప్పుడు. మెట్ల మీద అడుగులు నెమ్మదిగా వచ్చాయి, ఎనిమిది గంటలు నిలబడ్డ కాళ్ళు. తలుపు తీసుకుని వచ్చి, బూట్లు విప్పకుండానే, "రాశారా?" అంది ఎవాంజెలిన్. దగ్గరికొచ్చి మోనికా తల మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తీసి చూసుకుంది.

"నూనె పెట్టారా? నూనె మీద అది రాయకూడదని చెప్పాను కదండీ."

"అందుకే పెట్టాను."

ఫ్రిజ్ తలుపు మీది చీటీ వైపు చూసింది. "రేపు బడికి ఏమని పంపను? మళ్ళీ ఆ బండిలో తీసుకొస్తారా?" అంది. గొంతు పెద్దది చెయ్యలేదు, అంత ఓపిక కూడా లేనట్టుంది. "అన్నీ కనుక్కునే తెచ్చాను. నేను దాని తల్లిని. మీకెందుకింత భయం, చెప్పండి, ఒక్క కారణం చెప్పండి."

దువ్వెన గిన్నెలో పడేశాను. రెండు చేతులూ ముందుకి చాపాను. ఏ మోకాలి కిందా పెట్టలేదు, ఒకదాన్నొకటి పట్టుకోనివ్వలేదు. నూనెతో మెరుస్తున్నాయేమో, వేళ్ళ వణుకు బాగా కనబడింది. ముందు తనకి అర్థం కాలేదు. తర్వాత నేల మీద కూర్చుని నా మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టింది. ఇటు చూడండి అని గడ్డం పైకెత్తి కళ్ళలోకి చూసింది. ఎప్పట్నుంచి అంది. పోయిన ఎండాకాలం అన్నాను. ఎందుకు చెప్పలేదు అంది. చెబితే నువ్వు మెడికల్ పరీక్ష అంటావు, మెడికల్ అంటే టిక్కెట్టు అన్నాను. అలా చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు, మాస్కు, బకెట్టు, ఎడమ మూల డ్రమ్ము, అమ్మ చల్లిన పొడి, సీసా వెనక పేరు, అన్నీ చెప్పేశాను. చెప్పి, వాదన గెలిచినవాడిలా, "చూశావుగా. అందుకే అది పిల్ల తలకి వద్దంటున్నాను," అన్నాను.

"సరే. వద్దు," అంది.

అంత తొందరగా అంటుందనుకోలేదు. సంవత్సరం పాటు నేను దాచినదీ, గంటసేపు కొట్టుకున్నదీ ఇంతేనా అనిపించింది, గుండెలమీంచి బస్తా దిగినట్టయింది. తను గిన్నెలోంచి దువ్వెన తీసి తుడుచుకుంది. నన్ను పక్కకి జరగమని నా చోట్లో కూర్చుంది. కుడివైపు మొదటి పాయ తీసింది, యూనిఫాం మీద నూనె అవుతున్నా చూసుకోలేదు. రేపు బడికి ఉత్తరం రాస్తానంది, రెండు వారాలు నేనే దువ్వుతానంది. తర్వాత తల ఎత్తకుండా, పాయ చివరిదాకా దువ్వెన లాగుతూ అడిగింది.

"పిల్ల తలకి పది నిమిషాలు పనికిరానిది, మీ ఒంటికి రోజుకి పది గంటలు ఎలా పనికొస్తుందండీ?"

ఈ గంటలో ఇన్ని ఆలోచించాను, ఇంతమంది మీద కోపం తెచ్చుకున్నాను, ఆ ఒక్క ప్రశ్న మాత్రం నన్ను నేను అడగలేదు. తను జవాబు కోసం చూస్తోంది. మోనికా కూడా చూస్తోంది. రేపు తెల్లవారి అయిదింటికి కంపెనీ వ్యాను వస్తుంది.